యానాం దొర గీసిన పిట్టలు

కోరింగ మడ అడవుల్లో ఫోటోలు తీసి, ప్రింట్లు వేయించి అమ్ముకుందామనుకునే మన ఫరంపేట దంపతులెవరైనా ఉంటే, ఒక మనవి. జూలో తీసిన నీటిపిల్లిని కోరింగదని మాత్రం రాయకండి. ఎందుకంటారా? పియేర్ సోనెరా సంగతి వినండి.

18వ శతాబ్దం చివర్లో మన యానాంకి ఫ్రెంచి అధికారిగా చేసిన దొర ఈయన. ఉద్యోగం వర్తకస్థావరం చూసుకోవడం, పిచ్చి మాత్రం పిట్టలూ మొక్కలూ. బొమ్మలు తానే గీసేవాడు. 1782లో పారిస్‌లో అచ్చయిన ఆయన భారత, చైనా యాత్రాగ్రంథం ఆ చిత్రాలతోనే పేరు తెచ్చుకుంది. మన దక్షిణాది బూడిదరంగు అడవికోడి శాస్త్రనామం గాలస్ సోనెరాటీ. అదీ ఆయన పేరే!

అయితే 1776 నాటి పుస్తకంలో న్యూగినీ పక్షులంటూ పెంగ్విన్లను కూడా వేశాడు. అక్కడ పెంగ్విన్లు ఎక్కడివండీ? అసలాయన న్యూగినీ దాకా వెళ్లనేలేదు. ఆస్ట్రేలియా కూకాబరానూ ఆ ఖాతాలోనే కలిపేశాడు. బొమ్మ బాగుంది, లోకం నమ్మింది. న్యూగినీలో లేని ఆ పిట్టను శాస్త్రజ్ఞులు ఇప్పటికీ 'డాసెలో నొవెగినియే' అనే పిలుస్తున్నారు.