కృష్ణనీతి, క్రిస్టియానిటీ, మధ్యలో అసురులు

"వాటికన్ అంటే వాటిక, క్రిస్టియానిటీ అంటే కృష్ణనీతి, అబ్రహాం అంటే బ్రహ్మ." ఈ జాబితా మీకూ ఎప్పుడో ఒకప్పుడు వచ్చే ఉంటుంది. ఒకప్పుడు ఫార్వర్డ్ మెయిళ్ళలో తిరిగేది, ఇప్పుడు వాట్సాప్‌లో తిరుగుతోంది. మొదటి రెండూ పి.ఎన్. ఓక్ ప్రచారంలో పెట్టినవి. ఇది చదివి కొందరు పొంగిపోతారు, కొందరు పగలబడి నవ్వుతారు. నా పేచీ ఇద్దరితోనూ. ఆ నవ్వులో నిజమైన చుట్టరికాలు కూడా కొట్టుకుపోతున్నాయి మరి.

ముందు ఫార్వర్డు సంగతి చూద్దాం. క్రీస్తు అన్నది గ్రీకు 'ఖ్రిస్తోస్'. అభిషిక్తుడు అని అర్థం. హీబ్రూ 'మషియహ్'కి అనువాదం. అరబీ 'మసీహ్' ఆ హీబ్రూ మాటకి చుట్టమే. కృష్ణ అంటే నలుపు. రెంటికీ పొత్తెక్కడ? ఇక వాటికన్ అనే పేరు రోములో ఆ గుట్టకి క్రీస్తు పుట్టకముందు నుంచే ఉంది.

శబ్దం ఎంత మోసం చేస్తుందో తెలియాలంటే మన 'నీరు' చాలు. నేటి గ్రీకులో నీళ్ళని 'నెరో' అంటారు. అర్థం ఒకటే, శబ్దమూ దాదాపు ఒకటే. చుట్టరికం మాత్రం సున్నా! గ్రీకువాళ్ళు "తాజా నీళ్ళు" అని అనగా అనగా చివరికి 'నీళ్ళు' ఊడిపోయి 'తాజా' ఒక్కటే మిగిలింది. అదే నెరో. మన నీరేమో తమిళం, కన్నడాల్లోనూ ఉన్న అచ్చమైన ద్రావిడ మాట.

మరి అసలు చుట్టాన్ని పట్టుకునేదెలా? ఒక్క టెస్ట్ కేసు పాసైందని మనం కోడ్ రిలీజ్ చెయ్యం కదా. ఇక్కడా అంతే. ఒక మాట కలిస్తే చాలదు, ఒక రూలు వరసగా పనిచెయ్యాలి. జొరాస్ట్రియన్ల అవెస్తా చూడండి. అచ్చు ముందు సంస్కృతంలో 'స' ఉన్న చోట అక్కడ సాధారణంగా 'హ' ఉంటుంది. సోమ - హఓమ, సప్త - హప్త, అసుర - అహుర, సప్తసింధు - హప్తహిందు. ఆ హప్తే తర్వాతి పారసీకంలో 'హఫ్త్', అంటే ఏడు. అందులోంచే వారానికి 'హఫ్తా' అన్న పేరొచ్చింది. మన సినిమాల్లో రౌడీలు వసూలు చేసే హఫ్తా అదే!

'హిందూ' అన్నది పరాయివాళ్ళు పెట్టిన తిట్టు అని ఇంకో ఫార్వర్డ్ ఉంది. క్రీ.పూ. 522 నుంచి 486 వరకు ఏలిన మొదటి డేరియస్ శాసనాల్లో 'హిందుష్' కనిపిస్తుంది. అది తిట్టు కాదు, అతని రాజ్యంలో ఒక ప్రాంతం పేరు. సింధు నది పేరే అది.

అసలు తమాషా ఇప్పుడు. మాట ఒకటే అయినంత మాత్రాన అర్థం ఒకటే కానక్కర్లేదు. అవెస్తాలో అహుర మజ్దా పరమదైవం, 'దఏవ'లు దుష్టశక్తులు. డేరియస్ కొడుకు క్సెర్క్సెస్ దైవల పూజాస్థలాన్ని నాశనం చేశానని శాసనమే వేయించుకున్నాడు. మన దగ్గర సరిగ్గా తిరగేసి ఉంది. అయితే, "ఒకప్పుడు ఇద్దరూ పోట్లాడుకుని విడిపోయారు, అందుకే ఒకరి దేవుడు ఇంకొకరికి రాక్షసుడు" అనే కథకి తొందరపడకండి. ఋగ్వేదంలో వరుణుడు అసురుడే, ఇంద్రుణ్ణీ అగ్నినీ కూడా అసుర అన్నారు. అక్కడది ప్రభువు అనే గౌరవవాచకం. చెడ్డ అర్థం మన దగ్గరే మెల్లమెల్లగా ముదిరింది. ఆ తర్వాత ఎవరో 'అ'ని వ్యతిరేకార్థం అనుకుని విడగొడితే 'సుర' అనే కొత్త మాట పుట్టింది. అంటే సురుల కంటే అసురులే సీనియర్లన్నమాట!

పోలికలు వెతకడం తప్పు కాదు. "అన్నీ మా నుంచే పోయాయి" అని ముందే తేల్చేసుకుని వెతకడంతోనే చిక్కు. అలా వెతికేవాడికి కృష్ణనీతి దొరుకుతుంది గానీ, వరుణుణ్ణి అసురుడన్న మన సొంత ఋగ్వేదం కనపడదు. ఎవరి గొప్ప కోసం ఈ ఫార్వర్డులు పంపుతున్నారో, నష్టం కూడా వాళ్ళకే.