బేగంపేట ఎండ, ఇంజను లెక్క

చైతన్యపురిలో మా వీధి చివర నా పూర్వవిద్యార్థి ఒకడున్నాడు. విమానపు ఇంజన్లకు కంప్యూటరు మీద లెక్కలు కట్టడం వాని ఉద్యోగం. "ఇంజను ఇంకా పుట్టకుండానే దాని బలం ఎట్లా తెలుస్తుందిరా?" అని అడిగాను. "ఛందస్సు వంటిదే మాస్టారూ" అన్నాడు. నాబోటి తెలుగు పండితునికి అంతకంటె ఆకర్షణ ఏముంటుంది? కొంత చదివి ఇది వ్రాస్తున్నాను.

1953లో ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో విలీనమయ్యేవరకు దక్కన్ ఎయిర్‌వేస్ బేగంపేట కేంద్రంగా డకోటాలు నడిపింది. ఆనాటి లెక్కలన్నీ కాగితం మీదివే. బేగంపేట సముద్రమట్టానికి సుమారు 531 మీటర్ల ఎత్తున ఉన్నది. వేసవిలో 40 డిగ్రీల ఎండ కాస్తే అక్కడి గాలి సాంద్రత, సముద్రమట్టాన 15 డిగ్రీల వద్ద ఉండే ప్రామాణిక సాంద్రతకంటె ఇంచుమించు ఏడవ వంతు తక్కువ. గాలి పలుచనైతే రెక్కల పట్టు, ఇంజను బలం రెండూ తగ్గుతాయి. ఎంత బరువుతో ఎగరవచ్చునో పట్టికలు చూసి తేల్చుకొనవలసినదే.

జెట్ ఇంజనుతో చిక్కు పెరిగింది. టర్బైను ఇచ్చే శక్తి కంప్రెసరు కోరే శక్తికి సరిపోవాలి. ముందుభాగం పంపిన గాలిని వెనుకభాగం తీసుకోగలగాలి. ఒక విలువ ఊహించి లెక్క కట్టి, కుదరకపోతే సవరించి మళ్లీ కట్టాలి. గణాలు కుదిరి యతి తప్పితే పాదాన్ని తిరిగి ఎత్తుకున్నట్లే! ప్రతి ఎత్తుకూ, ప్రతి ఉష్ణోగ్రతకూ కంప్యూటరు ఈ పని క్షణాలలో చేస్తుంది.

ఈ విద్యకు మన నగరంలోనూ చోటు దొరికింది. 1991లో బి.వి.ఆర్. మోహన్ రెడ్డిగారు స్థాపించిన ఇన్ఫోటెక్ ఎంటర్‌ప్రైజెస్ 2000 నుండి అమెరికాకు చెందిన ప్రాట్ అండ్ విట్నీకి ఇంజను భాగాల రూపకల్పనలో తోడ్పడుతూ వచ్చింది. 2014లో దాని పేరు సైయెంట్‌గా మారింది.

ప్రాట్ సంస్థ గేరు అమర్చిన కొత్త ఇంజను 2016లో ప్రయాణికుల సేవలోకి వచ్చింది. ముందున్న ఫ్యాను నెమ్మదిగా, టర్బైను వేగంగా తిరగడం వలన ఇంధనం ఆదా అయింది. ఆ లెక్క నిజమైంది. కాని 2023లో, ఇంజను చక్రాలకు వాడిన లోహపు పొడిలో మాలిన్యం కలిసినదని బయటపడి వందలాది విమానాలు నేలపై నిలిచిపోయాయి. లెక్క శుద్ధమైన లోహాన్ని ఊహించింది. కొలిమి దానిని ఇవ్వలేదు.

ఈ మాట అంటే మా శిష్యుడు కాసేపు మౌనంగా ఉండి, "అందుకే మాస్టారూ, పరీక్షశాలలు ఇంకా మూతపడలేదు" అన్నాడు. లక్షణం తెలిసినంత మాత్రాన పద్యం నిలవదు, చదివి వినిపించాలి. వాడికి నేను చెప్పిన పాఠమే వాడు నాకు తిరిగి అప్పజెప్పాడు.