పాత మోటారుబండ్లు - షాక్ అబ్జార్బరు కథ

కాచిగూడ రైల్వే స్టేషను 1916లో ఏడవ నిజాము ఉస్మాన్ అలీ ఖాన్ పాలనలో నిర్మింపబడినది. ఉక్కు పట్టాలపై నడచు రైలుబండికి దారి నున్నగా నుండును. మోటారుబండికి ఆ సౌకర్యము లేదు. 1932లో నిజాము రాష్ట్ర రైల్వే శాఖయే 27 బస్సులతో రోడ్డు రవాణాను ప్రారంభించెను. పట్టాలను విడిచి రోడ్డెక్కిన చక్రమునకు గుంటలు, మిట్టలు తప్పవు గదా! ఆ కుదుపులను తట్టుకొనుట ఎట్లు?

ఇందుకు జట్కాబండి నాటినుండి వాడుకలోనున్న సాధనము కమాను. ఉక్కుపట్టీలను ఒకదానిపై నొకటి పేర్చి దీనిని కట్టుదురు. చక్రము మిట్ట నెక్కినప్పుడు కమాను వంగి శక్తిని దాచుకొనును. మరుక్షణమే దానిని తిరిగి ఇచ్చివేయును. అందుచే బండి పైకి క్రిందికి ఊగును. పట్టీల నడుమ రాపిడి ఈ ఊపును కొంత తగ్గించును. జట్కా వేగమునకు అది చాలును, మోటారు వేగమునకు చాలదు. ఇది సుఖమునకు సంబంధించిన విషయము మాత్రమే కాదు. ఊపులో చక్రము నేలను విడిచినచో బ్రేకు పనిచేయదు, బండి స్టీరింగునకు లొంగదు. కుదుపును మ్రింగునది కమాను. ఆపై మిగిలిన ఊపును అణచి, దాని శక్తిని వేడిగా మార్చునది షాక్ అబ్జార్బరు.

ఇరువదవ శతాబ్ది తొలినాళ్ళలో ఫ్రాన్సు దేశీయుడు ట్రుఫో రాపిడి బిళ్ళలతో నొక సాధనమును రూపొందించగా, అమెరికాలో హార్ట్‌ఫర్డ్ దానిని వ్యాపారమునకు తెచ్చెను. కాని రాపిడిబలము వేగమునుబట్టి అంతగా మారదు. కావున చిన్న కుదుపులకు అది బిగుసుకొని యుండును. పెద్ద కుదుపులకు చాలకపోవును. నూనె గుణము వేరు. సన్నని రంధ్రముగుండా నూనెను ఎంత వేగముగా నెట్టిన అది అంత గట్టిగా ఎదిరించును. ఫ్రాన్సు దేశీయుడే అయిన ఊదాయ్ ఈ సూత్రముపై తయారుచేసిన సాధనమును 1927 చివర విడుదలయిన ఫోర్డు మోడల్ ఎ కారులో అమర్చిరి.

హైదరాబాదు చౌమహల్లా ప్రాసాదములోని 1912 నాటి రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్టు వంటి పాతబండి ఒక చారిత్రక సాక్ష్యము. అట్టి బండి నుండి పాత సాధనమును తీసివేసి క్రొత్త గొట్టమును బిగించినచో ఆ సాక్ష్యము చెరిగిపోవును. కావున మొదట సాధనము యొక్క జాతిని గుర్తింపవలెను. రెండు చేతుల నడుమ బిళ్ళలుండి, మధ్య మర బిగించియున్నచో అది రాపిడి రకము. గుండ్రని డబ్బానుండి ఒకే చేయి వచ్చి, నూనె పోయు బిరడా ఉన్నచో ఊదాయ్ రకము కావచ్చును. చేయి యుండి, దిమ్మలో పిస్టన్లు కదలునది మీట రకము. 1948లో వచ్చిన మోరిస్ మైనరులో ఇదియే కలదు. పొడుగు గొట్టము తరువాతి కాలపుది.

జాతి తెలియకుండ చేయి పెట్టిన నష్టము తప్పదు. రాపిడి బిళ్ళలకు నూనె తగిలిన పట్టు పోవును. వానిలో అరిగిన బిళ్ళలను మార్చి, మరను బిగించి, చేతి చివర తూనికస్ప్రింగు తగిలించి లాగి బలమును సరిచూడవలెను. పాత బిళ్ళలలో ఆస్బెస్టాసు ఉండవచ్చును గనుక ఆ ధూళిని పీల్చరాదు. నూనె రకమునకు ముందుగా పైమట్టిని కడిగి, పాత నూనెను మడ్డితోసహా తీసివేసి, ఇరుసు అరుగుదలను చూచి, కారకుండ క్రొత్త సీలు వేయుదురు. తగిన చిక్కదనము గల నూనె పోసి, గాలి వెడలువరకు చేతిని పలుమారులు ఆడింతురు. గాలి నూనెవలె గాక సులభముగా నొక్కుకొనిపోవును. అది లోపల నున్నచో చేయి కొంతదూరము ఏ అడ్డులేక కదలును. వేడికి నూనె పలుచబడును గనుక మన వేసవిలో చిక్కదనము ఎన్నిక మరింత ముఖ్యము.

ఈ సూత్రమును తరగతిలోనే చూపవచ్చును. స్ప్రింగునకు తూనికరాయిని కట్టి గాలిలో ఊపి, ఎన్ని ఊపులకు ఆగునో లెక్కింపుడు. పిదప రాయి నీటిలో మునుగునట్లు ఊపుడు, ఆపై ఆముదములో ఊపుడు. ఊపుల సంఖ్య తగ్గుట చూచిన విద్యార్థికి పాతకారు డబ్బాలోని నూనె చేయు పని తేటతెల్లమగును.