తరగతి బోధనలో ధ్వని, దృశ్య ముద్రణ

ఇది పాఠాలను ధ్వనిగా, దృశ్యంగా ముద్రించి విద్యార్థులకు వినిపించే, చూపించే బోధనా పద్ధతి. 1877లో ఎడిసన్ రూపొందించిన ఫోనోగ్రాఫ్ ధ్వనిముద్రణకు నాంది పలికింది. 1963లో ఫిలిప్స్ కంపెనీ తెచ్చిన క్యాసెట్ చౌకగా, తేలికగా ఉండి బడులకు చేరింది.

సైట్ ప్రయోగం: భారతదేశంలో ఈ పద్ధతిని పల్లెలకు పెద్దఎత్తున తీసుకెళ్ళినది ఇస్రో, నాసా కలిసి 1975 ఆగస్టు 1 నుంచి 1976 జులై 31 వరకు నడిపిన సైట్ (ఉపగ్రహ బోధనా టెలివిజన్ ప్రయోగం) కార్యక్రమం. ఆంధ్రప్రదేశ్, కర్ణాటక సహా ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2,400 గ్రామాలకు ఏటీఎస్-6 ఉపగ్రహం ద్వారా టీవీ ప్రసారాలు అందాయి. ఉదయం బడిపిల్లలకు, సాయంత్రం పెద్దలకు కార్యక్రమాలు వచ్చేవి. ఒకే దృశ్యానికి రెండు ధ్వని మార్గాలు ఉండడంతో రెండు భాషల్లో వ్యాఖ్యానం వినిపించే వీలు కలిగింది.

తరువాతి దశ: 2004 సెప్టెంబరు 20న విద్య కోసమే రూపొందించిన ఉపగ్రహం ఎడ్యుశాట్‌ను ప్రయోగించారు. కర్ణాటకలో చామరాజనగర్ జిల్లా ప్రాథమిక పాఠశాలలు దీని ద్వారా పాఠాలు అందుకున్నాయి. 2017లో మొదలైన దీక్షా డిజిటల్ వేదికతో పాఠ్యపుస్తకంలోని క్యూఆర్ కోడ్ నుంచే వీడియో పాఠం తెరుచుకుంటోంది.

ప్రాముఖ్యం: కర్ణాటకలో ఆంధ్రప్రదేశ్ సరిహద్దున ఉన్న చింతామణి, బాగేపల్లి ప్రాంతాల్లో ఇంట తెలుగు, బడిలో కన్నడ వినే పిల్లలు ఎందరో. ఇలాంటి సరిహద్దు పల్లెలకు రెండు భాషల ధ్వనితో ముద్రించిన పాఠాలు ఎంతో అవసరం.