కృత్రిమ మేధతో ఛాయాచిత్రాల ఏరివేత

ఛాయాచిత్రాల ఏరివేత అనగా ఒక సందర్భంలో తీసిన అనేక చిత్రాల నుండి ఉంచదగిన వాటిని ఎంచుకొని, తక్కిన వాటిని పక్కన పెట్టే ప్రక్రియ. వృత్తి ఛాయాగ్రాహకులు దీనిని కల్లింగ్ అంటారు. మందలోని పనికిరాని పశువులను వేరుచేయడానికి కూడా ఆంగ్లంలో ఇదే పదం వాడుతారు. తెలుగువారి వంటింటి పోలిక చెప్పాలంటే ఇది బియ్యంలో రాళ్ళు ఏరడం వంటిది. అయితే ఇక్కడ ఏది రాయి, ఏది గింజ అన్నది కొన్నిసార్లు చూసేవారిని బట్టి మారుతుంది. ఈ పనిని కృత్రిమ మేధతో నడిచే సాఫ్ట్‌వేరుకు అప్పగించడం 2020 తరువాత బాగా విస్తరించింది.

అవసరం

35 మి.మీ. ఫిల్ము రీలులో సాధారణంగా 36 చిత్రాలు పట్టేవి. ప్రతి చిత్రానికీ ఖర్చు ఉండేది కనుక ఎంపిక చాలావరకు మీట నొక్కక ముందే జరిగిపోయేది. డిజిటల్ కెమేరా వచ్చాక సెకనుకు పది, ఇరవై చిత్రాలు తీయడం సాధ్యమైంది. స్నాతకం నుండి అప్పగింతల దాకా సాగే ఒక తెలుగు పెళ్ళిలో చిత్రాల సంఖ్య వేలకు చేరుతుంది. ఆల్బములోకి వెళ్ళేవి మాత్రం కొన్ని వందలే.

పనిచేసే విధానం

సాఫ్ట్‌వేరు ముందుగా తీసిన సమయాన్ని, పోలికలను బట్టి చిత్రాలను గుంపులు చేస్తుంది. తరువాత స్పష్టతను కొలుస్తుంది. స్పష్టమైన చిత్రంలో వస్తువుల అంచుల వద్ద వెలుగునీడలు ఒక్కసారిగా మారుతాయి, మసకబారిన దానిలో ఆ మార్పు మెల్లగా ఉంటుంది. ఆపై ముఖాలను గుర్తించి, కళ్ళు తెరచి ఉన్నాయా లేదా అని చూస్తుంది. కంటి ఎత్తుకు, వెడల్పుకు గల నిష్పత్తితో రెప్పపాటును కనిపెట్టే సులభ పద్ధతిని 2016లో ప్రేగ్ నగరపు పరిశోధకులు ప్రతిపాదించారు.

అందాన్ని అంచనా వేయడం ఇంతకంటే చిక్కైనది. 2012లో వెలువడిన ఏవీఏ అనే సంకలనంలో సుమారు 2,50,000 చిత్రాలు ఉన్నాయి. ఇవి డీపీఛాలెంజ్ అనే ఛాయాచిత్ర పోటీల వెబ్‌సైటులోనివి, అక్కడి సభ్యులు వాటికి 1 నుండి 10 వరకు మార్కులు వేశారు. 2017లో గూగుల్ పరిశోధకులు రూపొందించిన నీమా అనే నమూనా ఈ మార్కుల నుండి నేర్చుకొని, కొత్త చిత్రానికి జనం ఎలా మార్కులు వేస్తారో ఊహిస్తుంది. అంటే యంత్రం చెప్పే "మంచి చిత్రం" నిజానికి ఆ పోటీల సభ్యుల అభిరుచి మాత్రమే.

సాఫ్ట్‌వేరులు

ఆఫ్టర్‌షూట్, నెరేటివ్ సెలెక్ట్, ఫిల్టర్‌పిక్సెల్ ఈ పనికై వచ్చినవి. గూగుల్ ఫోటోస్ 2023లో ఒకే తీరు చిత్రాలను దొంతరగా పేర్చి, మేలైనదాన్ని పైన చూపే సదుపాయాన్ని చేర్చింది. అడోబీ లైట్‌రూమ్‌లో ఇటువంటిది 2025లో వచ్చింది. మంచి క్షణాన్ని తానే ఎంచుకొని తీసే గూగుల్ క్లిప్స్ కెమేరాను 2017లో ప్రకటించారు, 2019లో అమ్మకం ఆపివేశారు.

పరిమితులు

మసక చిత్రాలను, ఒకే భంగిమలోని నకళ్ళను వేరుచేయడంలో ఈ సాఫ్ట్‌వేరు నమ్మదగినదే. చిక్కు కళ్ళతో వస్తుంది. జీలకర్ర-బెల్లం పెట్టే వేళ వధూవరులు తలలు వంచి, కళ్ళు దించుకొని ఉంటారు. అప్పగింతల్లో వధువు తల్లి కళ్ళు మూసుకొని ఏడుస్తుంది. కేవలం కన్నుల కొలతతో చూస్తే ఇవన్నీ తప్పు చిత్రాలే! తలంబ్రాలు పోసేటప్పుడు ఎగిరే బియ్యం కూడా మసకగానే పడుతుంది.

తెరచిన కళ్ళ విషయంలోనూ పొరపాట్లు జరిగాయి. నవ్వుతూ కళ్ళు తెరచే ఉన్న తూర్పు ఆసియా సంతతి వారిని ఒక డిజిటల్ కెమేరా "ఎవరైనా రెప్ప వేశారా?" అని అడిగిన ఉదంతాన్ని 2010 జనవరిలో టైమ్ పత్రిక ప్రస్తావించింది.

బంధుత్వం యంత్రానికి తెలియదు. పందిట్లో మూలన కూర్చున్న తాతగారు ఒకే ఒక్క మసక చిత్రంలో పడి ఉండవచ్చు. ఏడాది తిరిగేసరికి ఆయన లేకపోతే ఆ ఇంటివారికి ఆల్బములోని అన్ని చిత్రాలకంటే అదే విలువైనది అవుతుంది. కనుక అనుభవజ్ఞులు సాఫ్ట్‌వేరు తోసిపుచ్చిన చిత్రాలను కూడా ఒకసారి తిరగవేస్తారు. ఆఫ్టర్‌షూట్ వంటివి చిత్రాలను తాముగా చెరిపివేయవు, నక్షత్రాలతో, రంగులతో గుర్తు మాత్రమే పెడతాయి. చెరపడం వాడుకరి చేతిలోనే ఉంటుంది. అది కూడా పెళ్ళివారు ఆల్బము చూసిన తరువాత చేయడం మంచిది.