బ్లూబెర్రీకి నగరంలో గిరాకీ.. సాగుకు నేల, నీరే అవరోధం

అమీర్‌పేట, పంజాగుట్ట: ఒకప్పుడు కేకులపైనా, ఐస్‌క్రీముల పేర్లలోనూ మాత్రమే వినిపించిన బ్లూబెర్రీ ఇప్పుడు తాజా పండుగా నగరవాసుల ఇళ్లకు చేరుతోంది. అమీర్‌పేట, పంజాగుట్ట పరిసరాల్లోని సూపర్‌మార్కెట్లలో, దిగుమతి పండ్లు అమ్మే దుకాణాల్లో 125 గ్రాముల పారదర్శక డబ్బాల్లో ఇది లభిస్తోంది. గుప్పెడు పండ్లున్న ఆ డబ్బా ధర చాలాసార్లు కిలో ఆపిల్ ధరను మించిపోతుంది. ఆరోగ్యంపై పెరిగిన శ్రద్ధ, ఇంటి వద్దకే సరకు తెచ్చే యాప్‌లు, వ్యాయామశాలలకు వెళ్లే యువత ఆహారపు అలవాట్లు ఈ గిరాకీకి తోడయ్యాయి. ఇంత ధర పలికే పండును మన రైతులే ఎందుకు పండించకూడదన్న ప్రశ్న సహజంగానే తలెత్తుతోంది. తోట వేసే ముందు తెలుసుకోవలసిన విషయాలు చాలానే ఉన్నాయి.

అడవి పొద నుంచి అంగడికి

బ్లూబెర్రీ స్వస్థలం ఉత్తర అమెరికా. అక్కడి స్థానిక తెగలు శతాబ్దాల తరబడి అడవుల్లో ఏరుకుని తిన్న ఈ పండు తోట పంటగా మారి నూరేళ్లు దాటింది. అమెరికా వ్యవసాయ శాఖకు చెందిన వృక్షశాస్త్రవేత్త ఫ్రెడరిక్ కోవిల్, న్యూజెర్సీలో క్రాన్‌బెర్రీ తోటలున్న ఎలిజబెత్ వైట్ కలిసి అడవి పొదల్లో మేలైనవాటిని ఎంపిక చేసి, సంకరపరచి, 1916లో తొలి వాణిజ్య పంటను విపణికి పంపారు. ఈ మొక్క ఆమ్ల నేలల్లోనే బతుకుతుందని ప్రయోగపూర్వకంగా తేల్చినవాడు కోవిలే. నేటికీ సాగుకు అదే మూలసూత్రం.

ప్రస్తుతం చైనా, అమెరికా, పెరూ ఉత్పత్తిలో ముందువరుసలో ఉన్నాయి. ఎగుమతుల్లో పెరూదే అగ్రస్థానం. ఆగస్టు నుంచి సంవత్సరాంతం వరకు ప్రధానంగా పెరూ పండు, ఆ తర్వాత చిలీ పండు, వేసవిలో అమెరికా పండు అంతర్జాతీయ విపణిని ఆక్రమిస్తాయి. ఏడాది పొడవునా డబ్బా ఒకేలా కనిపించినా దేశం పేరు మారుతూ ఉండటానికి కారణమిదే. విమానంలోగాని, శీతల కంటైనర్లలోగాని వచ్చే ఈ పండును సున్నా డిగ్రీల సమీపంలో, అధిక తేమలో నిల్వ చేయాలి. ఆ గొలుసు ఎక్కడ తెగినా పండు మెత్తబడి బూజు పడుతుంది. ధరలో అధిక భాగం ప్రయాణానికి, శీతలీకరణకు, పాడైపోయే సరకు నష్టానికి పోతుందన్నమాట. కోళ్ల ఉత్పత్తులపై అమెరికాతో ప్రపంచ వాణిజ్య సంస్థలో నడిచిన వివాదం 2023 సెప్టెంబరులో పరిష్కారమైనప్పుడు, ఒప్పందంలో భాగంగా బ్లూబెర్రీ, క్రాన్‌బెర్రీలపై భారత్ దిగుమతి సుంకాన్ని తగ్గించింది. ఇక్కడ తోట వేయదలచిన రైతు ఈ సంగతిని కూడా లెక్కలోకి తీసుకోవాలి. పోటీ పక్క జిల్లాతో ఉండదు, ఖండాంతరాల నుంచి ఉంటుంది.

నేలతోనే పేచీ

బ్లూబెర్రీకి నేల ఉదజని సూచిక 4.5 నుంచి 5.5 మధ్య ఉండాలి. తెలంగాణలోని ఎర్ర చల్కా నేలలు సాధారణంగా తటస్థ స్థితికి దగ్గరగా, నల్లరేగడి భూములు క్షార గుణంతో ఉంటాయి. ఈ కొలమానంలో ఒక్క అంకె తేడా అంటే ఆమ్లత్వంలో పది రెట్ల తేడా. అయిదుండవలసిన చోట ఎనిమిది ఉంటే ఆ వ్యత్యాసం వెయ్యి రెట్లు. గంధకం వేసి ఎర్ర నేలను కొంత దారికి తేవచ్చునేమోగాని, సున్నం నిండిన నల్లరేగడిని మార్చబూనడం వృథా శ్రమ. అటువంటి నేలలో మొక్క ఇనుమును గ్రహించలేదు. ఆకులు పసుపు పచ్చబడి, ఈనెలు మాత్రమే పచ్చగా మిగిలి, చివరకు మొక్క ఎండిపోతుంది.

వేళ్లదీ ప్రత్యేక స్వభావమే. ఇతర పంటలకుండే నూగు వేళ్లు దీనికి ఉండవు. పైపైన అల్లుకునే సన్నని వేళ్లు ఎండనూ, నీటి ఎద్దడినీ, నీరు నిలవడాన్నీ ఏమాత్రం సహించవు. నత్రజనిని కూడా ఇది ప్రధానంగా అమ్మోనియం రూపంలోనే ఇష్టపడుతుంది. అందువల్ల నేలను వదిలి, కొబ్బరి పీచు పొట్టు నింపిన కుండీల్లో, నీడ వలల కింద పెంచే పద్ధతి ప్రచారంలోకి వచ్చింది. పొట్టుకు కోనసీమ ఉంది. చిక్కల్లా నీటితోనే. మన బోరుబావుల నీరు చాలాచోట్ల కఠిన జలం. బైకార్బనేట్లున్న ఆ నీటిని పోసిన కొద్దీ కుండీలోని ఆమ్లత్వం కరిగిపోతుంది. ప్రతి తడికీ నీటిలో ఆమ్లం కలపాలి, సూచికను కొలవాలి. వాన నీటిని నిల్వ చేసుకునే కుంట ఉన్న రైతుకు ఈ భారం కొంత తగ్గుతుంది.

పెరూ ఎలా పండిస్తోంది?

ఉష్ణమండలంలో బ్లూబెర్రీ పండదన్న మాటలో పూర్తి నిజం లేదు. పెరూలో ప్రధాన సాగు ప్రాంతమైన లా లిబర్తాద్ భూమధ్యరేఖకు హైదరాబాద్ కన్నా చేరువలో ఉంది. శీతాకాలపు చలి అంతగా అవసరం లేని రకాలను అమెరికాలోని ఫ్లోరిడా తదితర దక్షిణ రాష్ట్రాల శాస్త్రవేత్తలు దశాబ్దాల క్రితమే రూపొందించారు. చలి సమస్య అలా తీరింది. అయితే పెరూ తీరం వెంట ప్రవహించే హంబోల్ట్ శీతల సముద్ర ప్రవాహం అక్కడి ఎడారిని ఏడాది పొడవునా ఒక మోస్తరు ఉష్ణోగ్రతలో ఉంచుతుంది. ఆండీస్ పర్వతాల నుంచి వచ్చే శాంతా నది నీటిని చావిమోచిక్ పథకం ఆ ఇసుక నేలలకు మళ్లించింది. 2023లో ఎల్ నినో ప్రభావంతో అదే తీరం వేడెక్కగా దిగుబడి గణనీయంగా పడిపోయి, అంతర్జాతీయంగా ధరలు పెరిగాయి. కొన్ని డిగ్రీల పెరుగుదలకే అక్కడి తోటలు అలా తల్లడిల్లితే, మే నెలలో 42 డిగ్రీలు దాటే తెలంగాణ మైదానంలో పరిస్థితిని ఊహించుకోవచ్చు.

దేశంలో నీలగిరులు, హిమాచల్ ప్రదేశ్, మహారాష్ట్ర వంటి చోట్ల పరిమిత స్థాయిలో సాగు మొదలైంది. నీలగిరి అడవుల్లో బ్లూబెర్రీ ప్రజాతికే చెందిన స్థానిక మొక్కలు ఉండటం గమనార్హం. తెలుగు నేలపై పరీక్షించదగిన ప్రాంతమంటూ ఉంటే అది కాఫీ, స్ట్రాబెర్రీ పండే అరకు, లంబసింగి మన్యమే.

ద్రాక్షకు కుదిరింది, ఈముకు కుదరలేదు

హైదరాబాద్‌కు పరాయి పండు కొత్త కాదు. అడిక్‌మెట్‌లో అబ్దుల్ బాకర్ ఖాన్ తోట నుంచి వ్యాపించిన అనాబ్-ఎ-షాహి ద్రాక్ష నగరం చుట్టూ ఉన్న గ్రామాలను దశాబ్దాల పాటు పోషించింది. నేల సరిపడింది, అంగడి గంట దూరంలో ఉంది. తర్వాత గింజలేని రకాల పోటీ, కూలీల కొరత, అన్నిటికీ మించి స్థలాల ధరలు ఆ తోటలను మింగేశాయి. ఇక ఈము పక్షుల పెంపకం సంగతి చాలామంది మరచిపోలేదు. పిల్లలను అమ్మినవారు లాభపడ్డారు, కొనుగోలు హామీ నమ్మినవారు నష్టపోయారు. బ్లూబెర్రీ మొక్కలను 'తిరిగి కొంటాం' అన్న ఒప్పందంతో అంటగట్టజూసేవారిని రైతులు మూడు ప్రశ్నలు అడగాలి: ఏ రకం, ఇదే వాతావరణంలో మూడేళ్లు కాసిన తోట ఎక్కడ, ఒప్పందం ఉల్లంఘిస్తే చెల్లించేదెవరు? అంతకుముందే నేల, నీటి నమూనాలను పరీక్ష చేయించుకోవాలి. నీటి పరీక్షలో బైకార్బనేట్ల శాతం తప్పనిసరిగా అడగాలి.

కొనేవారికి

పండుపై తెల్లటి పొడిలా కనిపించేది సహజమైన మైనపు పూత. అది చెదరకుండా ఉంటే తాజాదని గుర్తు. డబ్బా అడుగున తడి మరకలుంటే వదిలేయాలి. కోసిన తర్వాత ఈ పండులో తీపి పెరగదు కనుక పుల్లనివాటిని మగ్గబెట్టే ప్రయత్నం ఫలించదు. తినే ముందు మాత్రమే కడగాలి. వంద గ్రాముల్లో సుమారు 57 కేలరీలు, 10 మిల్లీగ్రాముల దాకా విటమిన్-సి ఉంటాయి. ఆ విటమిన్ కోసమే అయితే జామపండులో అంతకు ఎన్నో రెట్లుంది. బ్లూబెర్రీకి పేరు తెచ్చినవి ఆంథోసయనిన్లనే ఊదా వర్ణకాలు. మృగశిర కార్తె తర్వాత తోపుడు బండ్లపైకి వచ్చే నేరేడులోనూ అదే జాతి వర్ణకాలు పుష్కలంగా ఉన్నాయి. కోసిన ఒకటి రెండు రోజుల్లోనే పాడయ్యే నేరేడుకు వర్గీకరణ, శీతల నిల్వ, చిన్న డబ్బాల ప్యాకింగ్ ఇప్పటికీ అరుదు. బ్లూబెర్రీ కోసం అమీర్‌పేట దుకాణాల్లో ఏర్పాటైన చల్లని అరల్లో నేరేడు కూడా ఇమిడిపోతుంది. చెట్టుకు ఆమ్ల నేల కూడా అక్కరలేదు.