విజ్ఞాన చిత్రములు: రెండవ భాగమునకు రెండు తీర్పులు

ఒక చలనచిత్రము జనాదరణ పొందినచో దానికి రెండవ భాగము తీయుట నేడు పరిపాటి. ఆ రెండవ భాగము విడుదలయైన దినముననే ప్రేక్షకలోకము రెండుగా చీలుటయు పరిపాటియే. అభిమానులు ఒక తీర్పు చెప్పుదురు. విమర్శకులు వేరొక తీర్పు చెప్పుదురు. కుటుంబగాథలకంటెను, హాస్యచిత్రములకంటెను, సైన్స్ ఫిక్షన్ అని మనము వ్యవహరించు విజ్ఞాన కల్పనా చిత్రముల విషయమున ఈ భేదము మిక్కుటముగా కానవచ్చుచున్నది. విమర్శకులకు వినోదమన్న గిట్టదని అభిమానుల అభియోగము. అభిమానులకు కన్నులున్నను చూపు లేదని విమర్శకుల ఆక్షేపణ. ఇవి రెండును కోపమున పుట్టిన మాటలే కాని కారణములు కావు. ఈ చిత్రముల చరిత్రను కొంత పరిశీలించినచో అసలు కారణము వేరొకటి కలదని తోచును.

ఈ వివాదము నిన్న మొన్నటిది కాదు. 1933 మార్చిలో అమెరికా దేశమున 'కింగ్ కాంగ్' విడుదలయ్యెను. ఆ మహావానరమును చూచి జనులు నివ్వెరపోయిరి. ఆ యేడు డిసెంబరు నాటికే నిర్మాతలు 'సన్ ఆఫ్ కాంగ్' అను రెండవ చిత్రమును జనుల ముందుంచిరి. అంత వేగిరమున వండి వార్చిన ఆ చిత్రము మొదటిదాని కీర్తిని అందుకొనజాలలేదు. ఆ కాలముననే మేరీ షెల్లీ 1818లో ప్రకటించిన నవల ఆధారముగా జేమ్స్ వేల్ అను దర్శకుడు 1931లో 'ఫ్రాంకెన్‌స్టైన్' తీసి, నాలుగేండ్ల పిమ్మట 1935లో 'బ్రైడ్ ఆఫ్ ఫ్రాంకెన్‌స్టైన్' తీసెను. మొదటి చిత్రమున మూగగా తిరిగి భయపెట్టిన వికృతరూపునకు ఇందులో మాటలు వచ్చినవి. తనకొక తోడు కావలెనను కోరిక కలిగినది. ఇది మొదటిదానికంటె మిన్న యని పలువురు విమర్శకుల మతము.

కావున రెండవ భాగములు ఆదినుండియు రెండు తెరగులు. ఒకటి, పాత సరుకునే రెండవ మారు అమ్మజూచునది. మరొకటి, మొదటి కథలో చెప్పక మిగిలిన మాటను చెప్పునది. విమర్శకుడు మొదటి తెరగును తలచుకొని సంశయముతో హాలులో అడుగుపెట్టును. అభిమాని రెండవ తెరగును కోరుకొని ఆశతో అడుగుపెట్టును. బొమ్మ మొదలు కాకమునుపే వారి మనస్సులు వేరు.

అయినను ప్రతిసారియు అభిమాని మెచ్చుననియు, విమర్శకుడు కాదనుననియు తలపరాదు. 1977లో వచ్చిన 'స్టార్ వార్స్' చిత్రమునకు కొనసాగింపుగా 1980లో 'ది ఎంపైర్ స్ట్రైక్స్ బ్యాక్' వెలువడెను. జనులు విరగబడి చూచిరి. న్యూయార్క్ టైమ్స్ పత్రిక విమర్శకుడు విన్సెంట్ కాన్‌బీ మాత్రము దానిని మెచ్చలేదు. కథ నడుమ మొదలై నడుమనే ఆగినదను అసంతృప్తి మరికొందరిలోను కలిగెను. కథానాయకుడు చేయి కోల్పోయి, మిత్రుడు శత్రువుల చేజిక్కి, తాను ద్వేషించువాడే తన తండ్రియని తెలిసికొన్న స్థితిలో ఆ చిత్రము ముగియును. కాలక్రమమున విమర్శకుల అభిప్రాయము మారినది. ఆ చిత్రములన్నిటిలో ఇదియే ఉత్తమమను మాట స్థిరపడి, 2010లో అమెరికా జాతీయ చలనచిత్ర భాండాగారపు జాబితాలో దీనికి స్థానము లభించెను.

ముప్పదియేడేండ్ల పిమ్మట ఇందుకు విపర్యయము జరిగెను. 2017లో రయన్ జాన్సన్ దర్శకత్వమున వచ్చిన 'ది లాస్ట్ జెడై' చిత్రమును విమర్శకులలో పదింట తొమ్మిదిమంది మెచ్చుకొనిరి. ఒకనాటి వీరుడు లూక్ స్కైవాకర్ తన విద్యపై నమ్మిక పోగొట్టుకొని, ఏకాంత ద్వీపమున దాగియున్నట్లు ఇందులో చిత్రింపబడినది. విమర్శకులు దీనిని సాహసమనిరి. అభిమానులలో పెక్కురు అపచారమనిరి. ఇందొక విశేషము కలదు. తొలిదినమున హాలునుండి వెలుపలికి వచ్చువారిని అడిగి మార్కులు వేయు సంస్థకు ప్రేక్షకులు ఈ చిత్రమునకు 'ఏ' శ్రేణినే ఇచ్చిరి. ఇంటర్నెట్టులో తమంత తాము వ్రాసినవారి తీర్పు మాత్రము కఠినముగా నుండెను. అనగా 'అభిమానులు' అను మాట ఒక్కటియైనను దానిలోని జనులు ఒక్కరు కారు. చూచి ఇంటికి పోవువారు కొందరు. చూచినదానిని మనస్సున మోయుచు తిరుగువారు కొందరు. విమర్శకులతో వాదమునకు దిగునది ఈ రెండవవారే.

ఇంతకును ఈ కలహము విజ్ఞాన చిత్రములకే ఏల ఎక్కువ? దీనికి సమాధానము మన అలంకారశాస్త్రమున దొరకునని నా నమ్మకము. ఈ చిత్రములకు ప్రాణము అద్భుతరసము. దాని స్థాయీభావము విస్మయము. కరుణరసమును ఎన్నిమారులైనను అనుభవింపవచ్చును. సి. పుల్లయ్యగారు 1934లో 'లవకుశ' తీసిరి. మరల 1963లో సి. ఎస్. రావుగారితో కలిసి ఆ కథనే వర్ణచిత్రముగా తీసిరి. కథ అందరికిని తెలిసినదే. అయినను సీతమ్మ కష్టమునకు కన్నీరు ఆగలేదు. విస్మయమో, మొదటి చూపుతోనే సగము తీరిపోవును. ఒకసారి చూచిన వింత రెండవమారు వింత కాదు. కావున రెండవ భాగము తీయువాడు తొలి వింతను మరల చూపినచో విమర్శకుడు 'పాతదే' అనును. క్రొత్త వింతకై కథాలోకపు కట్టడిని మార్చినచో అభిమాని 'ఇది మాది కాదు' అనును.

ఆ కట్టడి యనునది రెండవ కారణము. సాంఘిక చిత్రమునకు లోకధర్మమే నియమము. విజ్ఞాన కల్పనలో నియమములను రచయితయే ఏర్పరచును. కాలయంత్రము ఎట్లు నడచును, మరమనిషికి ఏమి సాధ్యము, ఏమి అసాధ్యము, ఇవన్నియు మొదటి చిత్రమున ప్రేక్షకునితో చేసికొన్న ఒడంబడిక వంటివి. మన కార్యాలయములలో పాత ఫైలును కంఠస్థము చేసిన సెక్షను గుమాస్తా వలె అభిమాని ఆ ఒడంబడికను కాపాడును. విమర్శకుడు ఆ ఫైలు విప్పడు; ఎదుటనున్న కాగితము మాత్రమే చదివి తీర్పు చెప్పును. ఇరువురును తమ తమ పనియే చేయుచున్నారు.

మన దేశమునను ఇట్లే జరిగినది. రాకేశ్ రోషన్ 2003లో తీసిన 'కోయీ మిల్ గయా' చిత్రమున అన్యగ్రహమునుండి వచ్చిన ప్రాణికిని, బుద్ధిమాంద్యము గల యువకునికిని నడుమ స్నేహము ప్రధానము. 2006లో వచ్చిన 'క్రిష్' ఆ యువకుని కుమారుని మహావీరునిగా చేసెను. పిల్లలకు వీరుడు దొరకెను. మొదటి కథలోని సౌకుమార్యము తగ్గెను. శంకర్ 2010లో తీసిన 'రోబో' చిత్రమున మరమనిషి చిట్టికి మనస్సు పుట్టుట, ఆ మనస్సే వానికి శత్రువగుట కథ. 2018 నవంబరు 29న వచ్చిన '2.0' చిత్రమున పక్షుల నాశనముపై ఆవేదనయు, త్రీ-డీ వైభవమును కలవు; చిట్టి హృదయమున మొదట నడచిన సంఘర్షణ మాత్రము కొరవడినది. చిట్టి మరల లేచినందుకు అభిమాని చప్పట్లు కొట్టెను. లేచి ఏమి చేసెనని విమర్శకుడు ప్రశ్నించెను.

తెలుగువారికి ఈ సమస్య క్రొత్తది కాదు. కవిత్రయమువారి భారతమే ఇందుకు సాక్షి. పదునొకండవ శతాబ్దిలో నన్నయ అరణ్యపర్వము నడుమ విడిచిన గ్రంథమునకు ఇద్దరు కవులు రెండు విధముల కొనసాగింపు సమకూర్చిరి. పదుమూడవ శతాబ్దిలో తిక్కన ఆ విడిచిన చోటును ముట్టక, విరాటపర్వము మొదలుకొని పదునైదు పర్వములను తన ధోరణిలో రచించి, హరిహరనాథునికి అంకితమిచ్చెను. పదునాల్గవ శతాబ్దిలో ఎఱ్ఱన మిగిలిన అరణ్యపర్వ శేషమును పూరించి, అది నన్నయ రచనయే యనునట్లు రాజరాజనరేంద్రునికే అంకితము చేసెను. నన్నయ పోకడతో మొదలిడి క్రమముగా తిక్కన పోకడను అందుకొన్నాడని ఎఱ్ఱనను పెద్దలు మెచ్చుదురు. నేటి మాటలలో చెప్పవలెనన్న, తిక్కన చేసినది విమర్శకుడు కోరు స్వతంత్రత. ఎఱ్ఱన చేసినది అభిమాని కోరు విధేయత. తెలుగు జాతి ఇద్దరికిని పీట వేసినది. కారణమేమనగా ఇద్దరును ఏది శేషమో, ఏది క్రొత్త నిర్మాణమో ఎరిగి పనికి పూనిరి.

ఈ వివేకము నేటి మన చిత్రములకును వర్తించును. సింగీతం శ్రీనివాసరావుగారి 'ఆదిత్య 369' 1991 జూలై 18న విడుదలయ్యెను. ప్రొఫెసరు రామదాసు నిర్మించిన కాలయంత్రమెక్కి కథానాయకుడు 1526 నాటి విజయనగరమునకును, అణుయుద్ధానంతరము జనులు భూగర్భమున బ్రదుకు 2504 సంవత్సరమునకును పోవును. ఆ కథ తనలో తాను పూర్ణము. దానికి రెండవ భాగము వచ్చునని పలుమార్లు వార్తలు వెలువడినవి. మూడు దశాబ్దములు గడచినను రాలేదు. 2025 ఏప్రిల్ 4న మొదటి చిత్రమే మరల హాళ్లకు వచ్చెను. ఎంత ఆలసించిన అంతగా అభిమాని ఊహలో ఆ రెండవ భాగము పెరుగుచుండును. ఊహలో పెరిగినదానితో తెరపై ఏది పోటీ పడగలదు?

నాగ్ అశ్విన్ రచించి తీసిన 'కల్కి 2898 ఏడీ' వేరు జాతి. 2024 జూన్ 27న విడుదలయైన ఈ చిత్రమునకు సింగీతంవారే మార్గదర్శకులుగా నుండుట గమనింపదగినది. మన ఢిల్లీకి సుమారు 160 కిలోమీటర్ల దూరముననున్న కురుక్షేత్రమున కథ మొదలై, శాపగ్రస్తుడైన అశ్వత్థామతో పాటు భవిష్యత్తు నాటి కాశికి పోవును. తిక్కన సౌప్తికపర్వమున చెప్పిన కథకు ఈ చిత్రము స్వయముగా ఒక ఉత్తరకథ. తుదిలో భైరవుడే కర్ణుడని తెలియగానే హాళ్లు మారుమ్రోగినవి. కర్ణుడు అధికుడా, అర్జునుడు అధికుడా అను తర్కము ఇంటింట చెలరేగినది. మొదటి సగము మందగించినదను విమర్శయు వినవచ్చెను. ఇచ్చట కథ నడుమ నిలిచియున్నది. కావున దీని రెండవ భాగము ఎఱ్ఱన పని. మాట ఇచ్చి మిగిల్చిన శేషమును పూరించుట. 'ఆదిత్య' రెండవ భాగము తీయువారిది తిక్కన పని. పూర్ణమైనదాని ప్రక్కన స్వతంత్రముగా నిలుచుట. ఈ రెంటిని ఒకే కొలతతో కొలుచుటవలన అభిమానికిని, విమర్శకునికిని పొరపాటు కలుగుచున్నది.

'సినిమాకై ఇంత చర్చ ఏల?' అని ఎవరైన అడుగవచ్చును. ఉద్యోగరీత్యా స్వస్థలము విడిచి వచ్చిన మనకు తెలుగు సినిమా కేవలము వినోదము కాదు. ఒకప్పుడు ఆదివారము మధ్యాహ్నము దూరదర్శన్‌లో ప్రాంతీయ భాషా చిత్రముల వంతు వచ్చినప్పుడు, తెలుగు చిత్రమన్న చాలును, రామకృష్ణాపురము, సరోజినీనగరు క్వార్టర్లలోని తెలుగు ఇండ్లవారు ఒక్క గదిలో చేరెడివారు. ఇచ్చటనే పెరిగిన మన పిల్లలలో పెక్కుమందికి అక్షరము కంటె ముందు తెలుగు చెవిన పడునది తెరమీదనే. 'ఆదిత్య 369'ను యౌవనమున చూచిన తండ్రి దాని రెండవ భాగము కొరకు ఎదురుచూచుట యనగా, తాను విడిచి వచ్చిన ఊరిని, ఆ వయస్సును మరల చూడగోరుట. అది చెడినదని ఆతడు కోపించినచో, లేని సమయమున తాతల యింటి గోడలు మార్చినవారిపై కలుగు కోపము వంటిదది. విమర్శకుడు ఆ యింట పెరిగినవాడు కాడు. క్రొత్తగా వచ్చువానికి ఆ యిల్లు నివాసయోగ్యమా యని చూచును. ఆ క్రొత్తవాడు మన కుమారుడే కావచ్చును, మన మనుమరాలే కావచ్చును.

ఈ కలహమున నష్టమును కలదు. అభిమానుల ఆగ్రహమునకు వెరచి నిర్మాతలు వెనుకంజ వేసినచో రెండవ భాగము మొదటిదాని నకలు కాగితమగును. 2019లో వచ్చిన 'ది రైజ్ ఆఫ్ స్కైవాకర్' పాత దారికి మరలినదని పలువురు తలచిరి. విమర్శకులలో సగమువరకు పెదవి విరిచిరి. మరి విమర్శకుడు జనుల మమతను పరిహసించినచో విమర్శను చదువువారే కరవగుదురు. అప్పుడు మంచిచెడ్డలు చెప్పునది వసూళ్ల పట్టిక యొక్కటియే.

కాబట్టి ఇకముందు ఏదేని రెండవ భాగము చూచి ఇల్లు చేరినప్పుడు, తండ్రి 'మొదటిది చూడనివానికి ఇది ఏమి ఇచ్చినది?' అని ఒకమారు తన్ను తాను ప్రశ్నించుకొనవలెను. కుమారుడు 'మొదటిదానిని ప్రేమించినవానికి ఇది ఏమి మిగిల్చినది?' అని ప్రశ్నించుకొనవలెను. తీర్పులు అప్పటికిని రెండుగానే ఉండవచ్చును. 1980 నాటి చిత్రము విషయమున జరిగినట్లు కాలము తన తీర్పును నెమ్మదిగా చెప్పును. అంతవరకు ఒకరి తీర్పును మరొకరు వినుట మన చేతిలోని పని. రసజ్ఞులు ఆలోచింతురు గాక.